డిజిటల్ కాటా: ఆవకాయకీ, ఈస్ట్‌కీ ఒకటే సరిపోతుందా?

ప్రశ్న
ఇంటి వంటకి డిజిటల్ కాటా కొనాలి. ఆవకాయ ముక్కలు ఒక్కసారే 4 కిలోల దాకా తూచాలి, బ్రెడ్‌కి ఈస్ట్ మాత్రం 3 గ్రాములే. 5 కిలోలవీ, 10 కిలోలవీ ఉన్నాయి, రెండూ 1 గ్రాము మెట్టువే, అంటే అంకె ఒక్కో గ్రాము చొప్పునే మారుతుంది. ఏది మేలు? ఎం.ఎల్. (మిల్లీలీటర్ల) బటన్‌తో నూనె కొలవొచ్చా?

జవాబు 1
10 కిలోలదే తీసుకోండి. టేర్ నొక్కితే అంకె సున్నా అవుతుంది గానీ గిన్నె బరువు కాటా మీదే ఉంటుంది. కిలోన్నర బేసిన్ పెడితే 5 కిలోల కాటాలో మీకు మిగిలేది మూడున్నరే. ముక్కలు రెండు వాయిలుగా తూచుకుంటానంటే 5 కిలోలది చాలు. గిన్నె కింద అంకెలు దాక్కుంటాయి, కాబట్టి పళ్లెం కన్నా తెర బాగా ముందుకున్నది చూడండి.

ఎం.ఎల్. అంటే నీళ్ల లెక్క, ఒక గ్రాముని ఒక మి.లీ.గా చూపిస్తుంది. లీటరు వంటనూనె దాదాపు 910–920 గ్రాములే తూగుతుంది. ఆ బటన్ నమ్మి 1000 వచ్చేదాకా పోస్తే దాదాపు 90–100 మి.లీ. ఎక్కువ పడుతుంది. నూనె కూడా గ్రాముల్లోనే రాసుకోండి.

జవాబు 2
ఈస్ట్‌కి ఆ రెండూ పనికిరావండీ. 1 గ్రాము మెట్టు కాటా 3 అని చూపిస్తే, కాటా సరైనదే అయినా అసలు బరువు రెండున్నర నుంచి మూడున్నర దాకా ఏదైనా కావచ్చు. పైగా చిటికెడు చిటికెడుగా వేస్తుంటే చాలా కాటాలు ఆ చిన్న మార్పుని లెక్కచేయక మళ్లీ సున్నాకి తెచ్చేస్తాయి. గిన్నెలో 2 గ్రాములున్నా తెర మీద 0! టేర్ చేయకుండా గిన్నె బరువు, ఉదాహరణకి 84, అలాగే ఉంచి 87 వచ్చేదాకా వేస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. ఈస్ట్, ఇంగువ లాంటివాటికి 500 గ్రాముల దాకా తూచే, 0.1 గ్రాము మెట్టున్న చిన్న కాటా విడిగా ఉంచుకోవడమే నయం. దాన్ని వాడేటప్పుడు ఫ్యాన్ ఆపండి, గాలికే అంకె ఊగుతుంది.

ప్రశ్న అడిగినవారు
సరిగ్గా తూస్తోందో లేదో ఇంట్లో ఎలా చూడాలి? లీటరు పాల ప్యాకెట్ పెడితే తెలుస్తుందా?

జవాబు 3
తెలియదు. లీటరు పాలే 1030 గ్రాముల దాకా ఉంటాయి, కవరు బరువు అదనం. 20 రూపాయల నాణెం 8.54 గ్రాములు; అరగనివి పది పెడితే 85 రావాలి. పెద్ద బరువుకి ముద్ర ఉన్న కిలో తూకం రాయి పెట్టి చూడండి. దాన్నే పళ్లెం మధ్యలో, తర్వాత నాలుగు మూలల్లో పెట్టండి. మూలకో అంకె వస్తే ముందు గట్టు సమంగా ఉందా, కాళ్ల కింద గుడ్డ నలిగిందా చూసి, అప్పటికీ మారకపోతే వెనక్కిచ్చేయండి.

ఇక ఆవకాయ. గ్లాసు కొలతని నేరుగా గ్రాముల్లోకి మార్చకండి. గ్లాసుడు ఉప్పు, గ్లాసుడు కారం, గ్లాసుడు ఆవపిండి మూడూ మూడు బరువులు. ఉప్పులో కూడా దంచిన కల్లుప్పు వేరు, మెత్తటి ప్యాకెట్ ఉప్పు వేరు. మీ ఇంటి గ్లాసుతోనే ఒక్కోటి కొలిచి, తూచి రాసుకుని, ఆ తర్వాత గ్లాసు పక్కన పెట్టండి. ఉప్పు తగ్గితే పచ్చడి బూజు పడుతుంది, కాబట్టి ఆ అంకె రెండుసార్లు తూచండి.

జవాబు 1
ఒకటి మరిచాను. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెట్టకండి, వేడికి లోడ్ సెల్ (లోపల బరువుని పసిగట్టే భాగం) అంకె జారుతుంది. కాటా మీద డబ్బాలు పేర్చి దాచకండి, బరువుకి ఆ సెల్ వంగితే మళ్లీ సరికాదు. పచ్చళ్లు అమ్మే ఆలోచన ఉంటే మాత్రం ఇవేవీ చెల్లవు, లీగల్ మెట్రాలజీ (తూనికలు కొలతల శాఖ) ముద్ర వేసిన కాటా కావాలి.