డార్బీ క్రాష్ మరణాన్ని పక్కన పెడితే జెర్మ్స్‌లో వినదగినది ఏముంది?

ప్రశ్న:
లాస్ ఏంజెలిస్ పంక్ (వేగంగా, మొరటుగా సాగే రాక్ సంగీతం) గురించి ఎక్కడ చదివినా జెర్మ్స్ అనే బృందం పేరు తప్పక వస్తుంది. దాని వెంటే గాయకుడు డార్బీ క్రాష్ 1980 డిసెంబరు 7న, 22వ ఏట, హెరాయిన్ వల్ల మరణించిన సంగతీ, మర్నాడే బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ హత్యతో ఆ వార్త మరుగున పడిన సంగతీ వస్తాయి. సుమారు నాలుగేళ్లు మాత్రమే నిలిచి, ఒకే ఒక్క స్టూడియో ఆల్బమ్ చేసిన ఈ బృందాన్ని ఆ విషాదం కోసమే తలుచుకుంటున్నారా? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1:
కాదండీ. 1979లో స్లాష్ రికార్డ్స్ విడుదల చేసిన ‘జీఐ’ ఆల్బమ్ వినండి. దాని నిర్మాత రాక్ గాయని జోన్ జెట్. వేదిక మీద డార్బీ మైకును నోటికి దూరంగా పట్టుకుని తూలుతూ పాడేవాడు కాబట్టి సగం మాటలు వినపడేవే కావు. పెనెలపీ స్ఫీరిస్ తీసిన డాక్యుమెంటరీలో ఆ తీరు కనిపిస్తుంది. అదే మనిషి స్టూడియోలో, పరుగెత్తే పాటల్లో, పొడవైన చిక్కని వాక్యాలను ఊపిరి తిప్పుకోకుండా ఇమిడ్చాడు. ఆ సాహిత్యాన్ని కాగితం మీద చదివినా నిలబడుతుందని నా నమ్మకం.

జవాబు 2:
పై మాటతో ఏకీభవిస్తూనే ఒకటి చేర్చాలి. వేదిక మీది ఆ గందరగోళాన్ని పూర్తిగా తీసిపారేయలేము. గొడవల వల్ల క్లబ్బులు చోటివ్వడం మానేస్తే, వారు ‘జెర్మ్స్ ఇన్‌కాగ్నిటో’ అనే మారుపేరును పొట్టిగా జీఐ అని రాసి వాయించారు, ఆల్బమ్‌కూ అదే పేరైంది. ముందుగా 1977 నాటి ‘ఫార్మింగ్’ పాట విని, వెంటనే ఆల్బమ్ వింటే, వాయిద్యం పట్టుకోవడమే సరిగా రాని పిల్లలు రెండేళ్లలో ఎంత దూరం వచ్చారో తెలుస్తుంది. చివరి పాట తొమ్మిది నిమిషాలకు పైగా సాగుతుంది. పంక్‌లో అంత నిడివి అరుదు.

జవాబు 3:
గిటారిస్టు ప్యాట్ స్మియర్‌ను ఎవరూ ప్రస్తావించలేదు. తరువాత పేరొందిన రాక్ బృందాలైన నిర్వాణా చివరి పర్యటనల్లోనూ, ఫూ ఫైటర్స్‌లోనూ వాయించింది ఆయనే. లోర్నా డూమ్ బేస్, డాన్ బోల్స్ డ్రమ్స్ ఎంత వేగంగా పరుగెత్తినా పాట చెదరకుండా పట్టి ఉంచింది ఆయన గిటారేనని నా అభిప్రాయం. రెండోసారి వినేటప్పుడు గొంతును వదిలి దానినే అనుసరించి చూడండి.