రోజెస్ యుద్ధాల ఆర్మీ: అందరికీ ఒకే లివరీ జాకెట్టా, తలో రంగా?

బెజవాడ_బిల్‌మాన్:

వాట్సాప్ గ్రూపులో మొదలైన వాదన ఇక్కడికి తెచ్చా, అక్కడైతే ఫోటోల మధ్యలో కొట్టుకుపోతుంది. విషయం ఏంటంటే మన గ్రూపులో ఒకరు పెర్రీ మినియేచర్స్ వాళ్ళ ప్లాస్టిక్ సైనికుల బొమ్మల బాక్సులతో వార్విక్ ఎర్ల్ సైన్యం మొత్తం 28 ఎంఎంలో పూర్తి చేశారు, విల్లు పట్టినోడి దగ్గర్నుంచి బిల్ (పొడుగు కర్రకి కొక్కెం లాంటి కత్తి) పట్టినోడి దాకా అందరికీ ఎర్ర లివరీ జాకెట్ (లార్డ్ తన మనుషులకి ఇచ్చే, ఆయన రంగూ గుర్తూ ఉన్న జాకెట్), దాని మీద తెల్ల ర్యాగెడ్ స్టాఫ్ (కొమ్మలు నరికిన మొద్దు కర్ర) గుర్తు. పెయింటింగ్ అదిరింది, ఆ మాట మొదటే చెప్తున్నా. నా అభ్యంతరమల్లా ఒకటే, అది 1471 నాటి సైన్యంలా లేదు, 18వ శతాబ్దపు రెజిమెంట్‌లా ఉంది.

1455 నుంచి 1487 దాకా ఇంగ్లండ్ సింహాసనం కోసం యార్క్, లంకాస్టర్ వంశాల మధ్య జరిగిన ఈ యుద్ధాల్లో రాజు దగ్గర జీతానికి ఎప్పుడూ ఉండే పెద్ద సైన్యం అంటూ లేదు కదా. లార్డ్ ఇంట్లోనే తిని అక్కడే పడుకునే మనుషులు కొందరు, ఒప్పందం రాసుకుని పిలవగానే వచ్చే చిన్న దొరలు, వాళ్ళ వెనకాల వాళ్ళ కౌలుదార్లు కొందరు, వీళ్ళు కాక కమిషన్ ఆఫ్ అరే (జనాన్ని పోగెయ్యమనే రాజు ఆజ్ఞ) కింద కౌంటీల నుంచి, ఊళ్ళ నుంచి తోలుకొచ్చిన జనం. మొదటి రకానికి లార్డ్ జాకెట్ ఖాయం. రెండో రకానికి దొరకొచ్చు. మూడో రకానికి ఎవరు కుట్టిస్తారు?

1457లో డోర్సెట్‌లోని బ్రిడ్‌పోర్ట్ ఊళ్ళో తీసిన మస్టర్ రోల్ ఇప్పటికీ ఉంది, ఊళ్ళో ఎవరి దగ్గర ఏ ఆయుధం ఉందో పేరు పేరునా రాసిన లిస్టు. ఒకడికి విల్లు, బాణాలు, సాలెట్ (ఇనుప టోపీ), జాక్ (మెత్తటి కుట్టు కోటు), కత్తి, చిన్న డాలు అన్నీ ఉన్నాయి, పక్కోడికి అందులో సగం కూడా లేవు. ఆ లిస్టు చదివాక అందరినీ ఒకే అచ్చులో పోసినట్టు పెయింట్ చేయాలంటే నాకు చెయ్యి రాదు. 1483లో లండన్‌లో ఉన్న ఇటలీ వాడు డొమినికో మాన్సిని కూడా మామూలు సైనికులు ఇనుప కవచం కాకుండా లోపల నార పీచు కుక్కిన మెత్తటి కోట్లు తొడుక్కుంటారనీ, కాస్త పై స్థాయి వాళ్ళకే బ్రెస్ట్‌ప్లేట్ ఉంటుందనీ రాశాడు. నేను అంటోంది లివరీ తీసేయమని కాదు, దాన్ని ఉండాల్సిన చోట ఉంచమని.

మియాపూర్_మినీస్:

ఆ వార్విక్ ఆర్మీ నాదే కాబట్టి నేనే మాట్లాడతా అన్నా.

ఫస్ట్ పాయింట్. 1458లో పెద్ద లార్డులందర్నీ రాజీ కోసం లండన్ పిలిపించినప్పుడు వార్విక్ 600 మందితో వచ్చాడని, అందరూ ముందూ వెనకా ర్యాగెడ్ స్టాఫ్ కుట్టిన ఎర్ర జాకెట్లలో ఉన్నారని క్రానికల్స్ చెప్తున్నయ్. 600 మంది అంటే నా టేబుల్ మీదున్న బొమ్మల కన్నా చాలా ఎక్కువ, నేను మొత్తం ఎర్రగా వేస్తే తప్పేంది?

సెకండ్, ఇది ఇంకా గట్టిది. 1485 ఆగస్టులో బాస్‌వర్త్ యుద్ధం (రాజు రిచర్డ్ 3 మీదికి హెన్రీ ట్యూడర్ వచ్చింది) ముందు నార్ఫోక్ డ్యూక్ జాన్ హోవర్డ్ జాన్ పాస్టన్‌కి లెటర్ రాసిండు, ఆ లెటర్ పాస్టన్ లెటర్స్‌లో (ఆ కుటుంబం ఉత్తరాల్లో) ఉంది, ఎవరైనా చూడొచ్చు. నా ఖర్చు మీద పొడుగ్గా ఉండే మనుషుల్ని ఎంతమందిని తేగలవో తీసుకురా, వాళ్ళకి నా లివరీ జాకెట్లు కుట్టించు, కలిసినప్పుడు పైసలు ఇస్తా అంటడు. అంటే ఆ మనుషులు ఆయన ఇంట్లో తినేటోళ్ళు కాదు, ఇంకొక జెంటిల్‌మన్ తోలుకొస్తున్న జనం, వాళ్ళకి కూడా జాకెట్! మీ రెండో రకం "దొరకొచ్చు" కాదు, పక్కా. పైగా ఆ జాకెట్ ఎంత? జాక్ మీద వేసుకునే పల్చటి పై తొడుగు, ఎక్కువ బట్ట కూడా పట్టదు. రిచర్డ్ 3 అయితే 1483లో ఏకంగా 13,000 అడవిపంది బ్యాడ్జీలు ఆర్డర్ పెట్టిండు. అంత సరుకు తయారు చేయించగలిగినోళ్ళకి జాకెట్లు ఒక లెక్కా?

లెస్టర్_తెలుగమ్మాయి:

ఆ 13,000 గురించి ఒక్క మాట మియాపూర్ గారూ. అవి యుద్ధానికి కాదండీ, యార్క్‌లో రిచర్డ్ తన కొడుకుని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ చేసిన వేడుకకి ఫస్టియన్ బట్ట మీద చేయించినవి. ఊరేగింపులో జనానికి పంచిన బ్యాడ్జీని పట్టుకొచ్చి సైన్యం యూనిఫాం అనడం కుదరదు. కానీ అదే అంకె ఇంకో సంగతి చెప్తుంది. తక్కువ టైంలో వేల మందిని నా మనుషులు అని చూపించాలంటే చాలింది బ్యాడ్జీ, జాకెట్ కాదు. నేనుండే ఊరికి బాస్‌వర్త్ దగ్గరే, అక్కడి పొలాల్లో సర్వే చేసినప్పుడు 2009లో దొరికిన వెండి అడవిపంది చూశారంటే అర్థమవుతుంది, బొటనవేలి గోరుకి కాస్త పెద్దదంతే, బంగారు పూత. అది పెట్టుకున్నవాడు రిచర్డ్‌కి బాగా దగ్గరవాడై ఉండాలి. అసలు యుద్ధం జరిగిన చోటు ఏదో తేల్చడానికి అది కూడా ఒక ఆధారం అయింది.

అందుకే నా ఓటు మూడో పద్ధతికి. జాక్‌లు నార రంగులోనే ఉంచి ఛాతీ మీద గుర్తు వేయండి, అంతే. సెయింట్ జార్జ్ ఎర్ర క్రాస్ మాత్రం ఇక్కడ పనికి రాదు, చాలామంది అది వేసేస్తుంటారు. 1385లో స్కాట్లండ్ మీదికి వెళ్ళినప్పుడు రిచర్డ్ 2 సైన్యమంతా ముందూ వెనకా ఆ క్రాస్ వేసుకోవాలని రూల్ పెట్టాడు, ఫ్రాన్స్ మీదికైనా అది సరే. ఇక్కడ రెండు పక్కలా ఇంగ్లీషువాళ్ళే అయినప్పుడు క్రాస్ చూసి ఎవరు ఎవరని తెలుసుకుంటారు?

బెజవాడ_బిల్‌మాన్:

మియాపూర్ తమ్ముడూ, నార్ఫోక్ లెటర్ మంచి ఆధారం, కాదనను. కానీ అది ఎప్పుడు రాశాడో చూడు. హెన్రీ ట్యూడర్ ఆగస్టు 7న వేల్స్‌లో దిగాడు, 22న యుద్ధం అయిపోయింది. ఆ మధ్యలో లెటర్ అంది, బట్ట కొని, కుట్టించి, మనుషుల్ని పోగేసి బరీ సెయింట్ ఎడ్మండ్స్‌కి తోలుకురావాలి. లార్డ్ అడిగింది వేరు, యుద్ధం రోజు వంటి మీద ఉన్నది వేరు. ఇంకోటి, జాకెట్లు కుట్టించమని అంత ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చిందంటేనే ఆ జనం దగ్గర అప్పటికి లేవనేగా. 1458 సంగతికొస్తే లండన్‌లో నలుగురూ చూడ్డానికి వచ్చినప్పుడు ఎంచుకున్న మనుషులకి కొత్త జాకెట్లు వేయడం సహజం, అది బల ప్రదర్శన. 1471లో యార్క్ రాజు ఎడ్వర్డ్ మీద జరిగిన బార్నెట్ యుద్ధంలో వార్విక్ పక్కన నిలబడింది ఆ 600 మందే కాదు. ఆక్స్‌ఫర్డ్, ఎక్సెటర్, మాంటగ్యూ అనే వేరే లార్డుల మనుషులు, అందరూ ఎర్రగా ఉంటారా?

బార్నెట్ సంగతి ఎవరూ ఎత్తలేదు, ఈ వాదనకి అసలు గుండెకాయ అదే. 1471 ఏప్రిల్ 14, తెల్లారుజామున దట్టమైన పొగమంచు. ఆక్స్‌ఫర్డ్ తన ఎదురుగా ఉన్న ఎడ్వర్డ్ పక్షపు హేస్టింగ్స్ దళాన్ని బార్నెట్ ఊళ్ళోకి తరిమేసి తిరిగొచ్చేసరికి యుద్ధం లైనే పక్కకి తిరిగిపోయింది, ఎడ్వర్డ్ వెనకాలకి రావాల్సినవాడు నేరుగా సొంత పక్షం మీదికి వచ్చిపడ్డాడు. ఆక్స్‌ఫర్డ్ మనుషుల లివరీ మీద ముందూ వెనకా కిరణాలు చిమ్మే నక్షత్రం, ఎడ్వర్డ్ లివరీ మీద కిరణాలు చిమ్మే సూర్యుడు. మంచులో అది చూసి ఎడ్వర్డ్ వాళ్ళే అనుకుని వార్విక్ పక్షం వాళ్ళు బాణాలు వేశారు, ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు ద్రోహం ద్రోహం అని అరుస్తూ పారిపోయారని వార్క్‌వర్త్ క్రానికల్‌లో ఉంది. అంటే ఏంటి, ఒకే పక్షంలో నిలబడ్డవాళ్ళకే ఒకరి గుర్తు ఒకరికి సరిగ్గా తెలీదు. పక్షానికో రంగు అనేది అసలు లేదు, లార్డుకో రంగు, లార్డుకో గుర్తు.

మియాపూర్_మినీస్:

అన్నా, ఆ బార్నెట్ కథ నా పక్షమే మాట్లాడుతోంది కదా. ముందూ వెనకా లివరీ ఉందని క్రానికలే చెప్తుంటే ఇంకేం కావాలె? ఆక్స్‌ఫర్డ్ దళం మొత్తం దూరం నుంచే నక్షత్రంతో కనిపించింది కాబట్టే గందరగోళం అయింది, సగం మంది నార రంగులో ఉంటే ఆ పొరపాటే జరగదు.

లార్డుకో రంగు అన్నారు చూడండి, అది ఒప్పుకుంటా. ఆక్స్‌ఫర్డ్, ఎక్సెటర్ దళాలు వేరేగా వేయాలె, నిజమే. కానీ వార్విక్ దళం లోపల ఎరుపే.

వైజాగ్‌బ్రష్:

నేను చరిత్ర కంటే బ్రష్ పక్క నుంచి చెప్తా. అందరూ రంగుల గురించి మాట్లాడుతున్నారు గానీ ఏ బట్ట మీద ఏ రంగు పడుతుందో ఎవరూ అనట్లేదు. జాక్ అంటే నార బట్ట పొరలు పొరలుగా వేసి కుట్టింది, ఫ్రాన్స్‌లో లూయీ 11 పెట్టిన నియమంలో అయితే 30 పొరలు, కనీసం 25 పొరలు, దాని మీద జింక తోలు. నారకి రంగు సరిగ్గా పట్టదు, ఉన్నికి బాగా పడుతుంది. అందుకని లివరీ జాకెట్ ఉన్నిది, దానికి గాఢమైన రంగు వేయొచ్చు, జాక్‌కి మాత్రం తెలుపుకీ గోధుమ రంగుకీ మధ్యలో ఏదో ఒకటి. ఎర్ర ఉన్ని కూడా మామూలు సైనికుడికైతే మంజిష్ఠ వేరుతో అద్దింది, కొత్తలో ఇటుక ఎరుపు, ఎండకీ వానకీ తిరిగాక నారింజ వైపుకి వెళ్ళిపోతుంది. మెరిసే స్కార్లెట్ కెర్మెస్ పురుగు నుంచి వచ్చేది, దాని ఖరీదు దొరలకే.

కాబట్టి మియాపూర్ బ్రో ఎర్ర ఆర్మీ ఎర్రగానే ఉంచుకోవచ్చు, ఒకే ఎరుపు మాత్రం వాడొద్దు. బేస్ ఎరుపు ఒకటే తీసుకో, ఒక గుంపుకి అందులో చుక్క ఆరెంజ్, ఇంకో గుంపుకి చుక్క బ్రౌన్, ఇంకో గుంపుకి అలానే వదిలెయ్, తర్వాత అన్నిటి మీదా అగ్రాక్స్ ఎర్త్‌షేడ్ వాష్ (మడతల్లో నీడ తెచ్చే పల్చటి రంగు) ఒక పూత. దూరం నుంచి ఒకే దళం, దగ్గరికొస్తే ఎవడి జాకెట్ వాడిది. మేజోళ్ళు, టోపీలు, ఒరలు మాత్రం తలో రంగూ వెయ్యి, అవి లార్డ్ ఇచ్చినవి కాదు, సొంతవి. జాక్‌లకి ఇరాకీ శాండ్ రంగు మీద అదే వాష్ వేసి కుట్ల మధ్య ఉబ్బిన చోట మాత్రం ఐవరీ లాగితే చాలు.

ఇంకోటి ఎవరూ చెప్పనిది. నా ఆర్మీలో సగానికి పైగా నార రంగే ఉంచా, జెండాలు మార్చుకునేలా కర్ర అడుగున చిన్న మ్యాగ్నెట్ పెట్టా. ఈ యుద్ధాల్లో మనుషులు పక్షాలు మారారు కదా. వార్విక్ 1470 దాకా యార్క్ పక్షం, ఆ తర్వాత లంకాస్టర్. ఎడ్వర్డ్ తమ్ముడు క్లారెన్స్ అటు వెళ్ళి 1471లో అన్న దగ్గరికి తిరిగొచ్చాడు. బార్నెట్‌లో ఓడిన ఆక్స్‌ఫర్డే 1485లో హెన్రీ ట్యూడర్ సైన్యం ముందు నడిచాడు. ఒకే సెట్ బొమ్మలతో ఇన్ని యుద్ధాలు ఆడొచ్చు, ఇండియాకి బాక్సు తెప్పించుకుంటే కస్టమ్స్‌తో కలిపి ఎంత పడుతుందో అందరికీ తెలుసుగా.

సముద్రం పక్కన ఉండేవాళ్ళు ఎవరైనా ఉంటే వానాకాలంలో మ్యాట్ వార్నిష్ స్ప్రే జోలికి పోకండి, గాల్లో తేమకి తెల్లగా పొగబారుతుంది, బ్రష్‌తో పల్చగా వేసుకోండి.

లెస్టర్_తెలుగమ్మాయి:

వైజాగ్ గారు చెప్పిన నార, ఉన్ని తేడా చాలా బాగుంది, నేనన్న బ్యాడ్జీ పద్ధతికి అది సరిగ్గా సరిపోతుంది. ఒక్క ప్రశ్న మిగిలింది, బాస్‌వర్త్‌లో ఉన్న విలియం స్టాన్లీ మనుషులు. బాస్‌వర్త్ బ్యాలడ్స్‌లో (ఆ యుద్ధం మీద పాటల్లో) ఎర్ర కోట్లు అని ఉందని అందరూ ఎరుపు వేస్తారు, కానీ ఆ బ్యాలడ్స్ మన చేతికొచ్చిన కాపీలు చాలా తర్వాతి కాలంవి. దాన్నీ పాస్టన్ లెటర్‌నీ ఒకే తూకంలో వేయకూడదని నా అభిప్రాయం. స్టాన్లీకి నేనైతే ఎరుపు వాడతా, దళం మొత్తానికి మాత్రం కాదు.

బెజవాడ_బిల్‌మాన్:

సరే, నా పద్ధతి వివరంగా చెప్తా, ఒప్పుకోకపోయినా పర్లేదు. ఎడ్వర్డ్ దళం వేస్తున్నా, యార్క్ రంగులు నేరేడు పండు రంగు, నీలం, జాకెట్ నిలువునా సగం సగం. జెండా చుట్టూ ఉన్న హౌస్‌హోల్డ్ (లార్డ్ ఇంటి మనుషుల) బేసులకి (బొమ్మలు నిలబెట్టే పలకలకి) పూర్తి లివరీ. వాటి పక్క బేసుల్లో ముందు వరుసకి జాకెట్, వెనక వరుసకి జాక్ మీద బ్యాడ్జీ. చివర్లో ఉన్న కౌంటీ జనానికి ఏమీ లేదు, నార, గోధుమ, బూడిద రంగు. జెండా నుంచి దూరం వెళ్ళేకొద్దీ రంగు పల్చబడుతుంది, టేబుల్ ఇవతల నిలబడి చూసినా లార్డ్ ఎక్కడున్నాడో ఒక్క చూపులో తెలిసిపోతుంది. ఆ కాలపు సైన్యం కూడా అలాగే కదా తయారైంది, ఒక మనిషి చుట్టూ అతని ఇంటివాళ్ళు, వాళ్ళ చుట్టూ వాళ్ళ ఎరిగినవాళ్ళు.

సగం సగం జాకెట్‌లో కష్టం నడుమ గీత. ముందు మొత్తం వల్లెహో బ్లాక్ రెడ్‌లో చుక్క పర్పుల్ కలిపి వేసేసి, అది బాగా ఆరాక నీలం సగం వేయాలి. నీలం అంచు మెడ దగ్గర మొదలుపెట్టి బెల్టు దాకా ఒకే ఊపులో లాగాలి, మధ్యలో చెయ్యి ఎత్తితే గీత వంకరపోతుంది. బెల్టు కింద జాకెట్ మడతల్లో ఆ గీత మడతతో పాటే లోపలికి వెళ్ళి బయటికి రావాలి, తిన్నగా గీస్తే స్టిక్కర్ అంటించినట్టు కనిపిస్తుంది. చివర్లో రెండు రంగులు కలిసే చోట పల్చటి ముదురు బ్రౌన్ వెంట్రుకవాసి లాగితే అది కుట్టులా నిలబడుతుంది, చిన్న చిన్న వంకరలు కూడా అందులో కలిసిపోతాయి. ఇంత కష్టం ఆర్మీ మొత్తానికి పడటం కన్నా జెండా చుట్టూ ఉన్నవాళ్ళకి శ్రద్ధగా చేయడం నయం.

మియాపూర్_మినీస్:

రంగు పల్చబడే ఐడియా నచ్చింది అన్నా, ఆక్స్‌ఫర్డ్ దళం అట్లనే వేస్తా, నక్షత్రం కూడా వేస్తా. వార్విక్ మాత్రం ఎర్రగానే ఉంటడు, వైజాగ్ బ్రో చెప్పినట్టు ఎరుపులో తేడాలు తెస్తా. నార్ఫోక్ లెటర్ మీద నా మాట అదే, డబ్బు పెట్టి పిలిపించుకున్నోడు జాకెట్ వేయించకుండా ఊరుకోడు. దసరా సెలవుల్లో మీ ఎడ్వర్డ్‌ని తీసుకుని హైదరాబాద్ రండి, బార్నెట్ ఆడదాం. మంచు రూల్ నేను రాస్తా, 12 అంగుళాల అవతల కనిపించే ఏ దళమైనా మనోళ్ళా కాదా అని డైస్ వేశాకే బాణాలు వదలాలె, ఆక్స్‌ఫర్డ్ తిరిగొచ్చేటప్పుడు ఆ డైస్‌కి మైనస్ ఒకటి.

బెజవాడ_బిల్‌మాన్:

వస్తా. మైనస్ ఒకటి చాలదు, నక్షత్రానికీ సూర్యుడికీ తేడా తెలియనంత మంచు అది, మైనస్ రెండు పెట్టు. లైన్లు కూడా ఎదురెదురుగా తిన్నగా పెట్టకు, ఒక్కో పక్షం కుడి భుజం ఎదుటివాళ్ళ ఎడమ భుజాన్ని దాటి బయటికి ఉండాలి, అక్కడ్నుంచే కదా లైను తిరిగిపోయింది.