ప్లాస్టిక్ రేజరు మానేసి స్టీలు రేజరుకు మారాలనుకుంటున్నాను: కాళ్లకూ చంకలకూ వాడుతున్నవారు చెప్పగలరా?

ప్రశ్న: కుంకుడుచెట్టు

అందరికీ నమస్కారం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. ఆరేళ్లుగా కాళ్లకూ చంకలకూ వాడి పారేసే ప్లాస్టిక్ రేజర్లే వాడుతున్నాను. నెలకు రెండు చొప్పున లెక్క వేసుకుంటే ఇప్పటికి 140కి పైగా చెత్తలో వేసి ఉంటాను. పోయిన నెల మా వీధికి చెత్త ఆటోలో వచ్చే అక్క పొడి చెత్త సంచిని విప్పి చేత్తో వేరు చేస్తుండగా, నేను మూత పెట్టకుండా పడేసిన రేజరు ఆమె బొటనవేలి మొదట్లో గీసుకుపోయింది. గాయం కడిగి కట్టు కట్టాను, టీటీ ఇంజెక్షను కూడా చేయించాను గానీ, ఆమె ఆ పూట పని మానుకోలేదు. సాయంత్రం అలాంటిదే ఇంకో రేజరును తీసి దగ్గరగా చూశాను. వెంట్రుకంత సన్నని మూడు ఉక్కు పట్టీలు, వాటిని బిగించిన ప్లాస్టిక్ చట్రం, కింద రబ్బరు గీతలు, పైన జిగురు పట్టీ ఉన్నాయి. గంటసేపు ప్రయత్నించినా వాటిలో దేన్నీ రెండోదాని నుంచి విడదీయలేకపోయాను.

అందుకే రెండంచుల బ్లేడు వేసుకునే లోహపు రేజరు కొనాలనుకుంటున్నాను. అయితే అది గడ్డం కోసం చేసిన వస్తువు కదా, మోకాలి మీద, చీలమండ దగ్గర, చంక గుంటలో ఎలా తిరుగుతుందన్నది నా భయం. ఇప్పటికే పిక్కల మీద ఎర్రని పొక్కులు వస్తున్నాయి, అవి పెరుగుతాయా తగ్గుతాయా అన్నది రెండో సందేహం. మాది బోరు నీళ్ల ఇల్లు, సబ్బు సరిగా నురగ కట్టదు. మా అమ్మ సున్నిపిండితో నలుగు పెట్టుకోమంటోంది; దానితో నూగు పలచబడుతుందేమో గానీ ముదురు వెంట్రుకలు పోవడం లేదు. అన్నిటికంటే ముఖ్యంగా, వాడిన బ్లేడును ఏం చేయాలి? ప్లాస్టిక్ తగ్గించాలని బయలుదేరి, అంతకంటే పదునైనదాన్ని తీసుకెళ్లి అదే సంచిలో వేయడం నాకు ఇష్టం లేదు.

జవాబు: పిల్లకాలువ

కుంకుడుచెట్టు గారూ, నేను నాలుగేళ్లుగా ఒకే లోహపు రేజరును కాళ్లకు, చేతులకు, చంకలకు వాడుతున్నాను. పిక్క, తొడ విశాలమైన భాగాలు కాబట్టి అక్కడ అది గడ్డం మీదకంటే తేలికగానే నడుస్తుంది. చిక్కంతా మీరు చెప్పిన మూడు చోట్లే ఉంది. ప్లాస్టిక్ రేజరు తల దానంతట అదే అటూ ఇటూ ఒరుగుతుంది, లోహపు రేజరు తల కదలదు. అందువల్ల ఒంపు వచ్చిన ప్రతిచోటా మణికట్టు మనమే తిప్పుకోవాలి.

నేను చేసిన తప్పు ముందే చెబుతాను. ప్లాస్టిక్ రేజరును నొక్కి లాగే అలవాటుతోనే దీన్నీ లాగాను. ముంగాలి ఎముక మీద బియ్యపు గింజంత చర్మం లేచిపోయి, నీళ్లు తగిలినప్పుడల్లా మూడు రోజులు మండింది. ఆ తర్వాత పిడిని చివర మూడు వేళ్లతో మాత్రమే పట్టుకోవడం నేర్చుకున్నాను. నా రేజరు సుమారు 80 గ్రాములు ఉంటుంది, ఆ బరువే కోతకు సరిపోతుంది, చేయి దానికి దారి చూపిస్తే చాలు. మొదట రేజరు తలను చర్మానికి ఆనించి పిడిని నిటారుగా ఉంచండి. తర్వాత పిడిని మెల్లగా కిందికి దించుతూ వస్తే ఒకచోట బ్లేడు వెంట్రుకను అందుకుంటుంది, ఎండుగడ్డి కోసినట్టు సన్నని చప్పుడు వినిపిస్తుంది. అక్కడ బ్లేడుకూ చర్మానికీ మధ్య కోణం దాదాపు 30 డిగ్రీలు ఉంటుంది. ఆ చప్పుడు ఆగిపోయిందంటే కోణం తప్పిందని అర్థం. అద్దం కంటే చెవినే నమ్ముకోండి.

గీతలు ఒకటి రెండు అంగుళాలకు మించకూడదు. మోకాలిని సగం వరకు మడిస్తే చర్మం బిగుసుకుంటుంది, అప్పుడు పైభాగం గీసి, తర్వాత కాలు చాపి ముడతలున్న పక్కలు చూసుకోవాలి. చీలమండ దగ్గర కాలి వేళ్లను మీ వైపు లాక్కుంటే మడమ వెనుక నరం మీది చర్మం సాగుతుంది. చంకలో వెంట్రుకలు ఒకే వైపు పెరగవు. చేతిని తల వెనక్కి పెట్టుకొని ముందు ఒకసారి పరిశీలించండి. నాకు పైభాగంలో పైకి, కిందిభాగంలో కిందికి, నడుమ అడ్డంగా ఉన్నాయి, కాబట్టి మూడు వైపులా మూడు పొట్టి గీతలు గీస్తాను. నురగ పోయిన చోట రెండోసారి గీయను.

పొక్కుల విషయానికి వస్తే, ఒకదాని వెనుక ఒకటి మూడు నాలుగు బ్లేడ్లున్న రేజర్లలో మొదటిది వెంట్రుకను కొద్దిగా పైకి లాగుతుంది, వెనకవి కోస్తాయి. కోసిన కొన చర్మం కిందికి జారిపోయి, తిరిగి మొలిచేటప్పుడు లోపలే మెలికపడి పొక్కు కావచ్చు. ఒక్క బ్లేడు చర్మం మట్టానే కోస్తుంది. నాకు ఐదారు వారాల్లో పొక్కులు బాగా తగ్గాయి, కానీ అందరి చర్మమూ ఒకేలా ఉండదు కాబట్టి మీకూ తప్పకుండా తగ్గుతాయని మాట ఇవ్వలేను. స్నానం చివర, వెంట్రుక బాగా నానిన తర్వాత, అది పెరిగే దిశలోనే గీయండి. ఎదురు గీత మొదటి రెండు నెలలూ వద్దు. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, నురగ రాకపోవడానికి కారణం అదే. నేను నురగ కోసం మాత్రం ఒక మగ్గు మంజీరా నీళ్లు (నగరపు కుళాయి నీళ్లు) పట్టి ఉంచుకుంటాను, కడుక్కోవడానికి బోరు నీళ్లే వాడతాను. కాగితపు పెట్టెలో వచ్చే షేవింగ్ సబ్బు బిళ్ల, ఒక బ్రష్షు ఉంటే ట్యూబు అవసరం కూడా ఉండదు.

జవాబు: పాతమర

అమ్మా, నాకు అరవై దాటాయి. మా నాన్నగారి ఇత్తడి రేజరుతోనే నేటికీ గడ్డం గీసుకుంటున్నాను, కాబట్టి వస్తువు గురించి రెండు మాటలు చెప్పగలను. ఈ పద్ధతి కొత్తది కాదు. కింగ్ క్యాంప్ జిలెట్‌కు అమెరికాలో ఈ రేజరు మీద పేటెంటు 1904లో వచ్చింది. ఆ బ్లేడు ఆకారం ఇప్పటికీ దాదాపు అలాగే ఉంది కనుక, ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజరులోనైనా పడుతుంది. రెండు బ్లేడ్ల గుళికలు (పిడికి తగిలించే కార్ట్రిడ్జిలు) 1971లో వచ్చాక ఆ సౌలభ్యం పోయి, పిడి కొన్నవారు అదే కంపెనీ గుళికలే కొనక తప్పని పరిస్థితి వచ్చింది.

కొనేటప్పుడు లోహం ఏదో అడిగి తెలుసుకో. కొన్ని వందల రూపాయలకు వచ్చేవి చాలావరకు జింక్ మిశ్రలోహానికి క్రోమ్ పూత పూసినవి. పూత లేచిపోతే లోపలి లోహం క్షీణించి, బిగించే మర విరిగిపోతుంది. ఇత్తడిదైనా, పూర్తి స్టీలుదైనా జీవితకాలం వస్తుంది, వెల మాత్రం ఎక్కువ. దువ్వెన పళ్లలాంటి అంచున్నది మొదట్లో వద్దు, నిండు అంచున్నదే తీసుకో. తిప్పితే రెక్కలు విచ్చుకునేది కంటికి బాగుంటుంది గానీ, మూడు ముక్కలుగా విడిపోయేదే శుభ్రం చేయడానికి సులువు. బ్లేడు మార్చేటప్పుడు పొట్టి అంచులు పట్టుకోవాలి, పదునున్న పొడవాటి అంచుల మీద వేలు పెట్టకూడదు. టోపాజ్, సెవెన్ ఓ క్లాక్ వంటి బ్లేడ్లు మన ఊళ్లలో కిరాణా కొట్లలోనూ దొరుకుతాయి, ఒక్కోటి కొద్ది రూపాయలే. గీసుకున్నాక తడి పటిక ముక్కను ఒకసారి రాసి, రెండు నిమిషాల తర్వాత కడిగేస్తే చిన్న గాట్ల నుంచి రక్తం ఆగుతుంది. మంగలి షాపుల్లో పటిక పెట్టుకునేది అందుకే.

జవాబు: తెల్లకోటు

నేను స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పైవారు చెప్పిన పద్ధతి సరైనదే, కొన్ని జాగ్రత్తలు మాత్రం చేర్చాలి. మధుమేహం ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నవారు కాళ్ల మీద ఈ రేజరు మొదలుపెట్టే ముందు తమ వైద్యుణ్ని అడగడం మంచిది, ఎందుకంటే పాదం దగ్గరి చిన్న గాటు కూడా వారికి త్వరగా మానకపోవచ్చు. పుట్టుమచ్చల మీద, చీము పొక్కుల మీద గీయకూడదు. భార్యాభర్తలైనా, అక్కాచెల్లెళ్లైనా ఒకే బ్లేడు వాడకూడదు. హెపటైటిస్ బి వంటివి రక్తం ద్వారా అంటుతాయి. ఐదు నుంచి ఏడు షేవింగులకు ఒకసారి, అంతకు ముందే లాగుతున్నట్టు అనిపిస్తే అప్పుడే, బ్లేడు మార్చాలి.

చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. ఆపరేషనుకు వచ్చే ముందు శుభ్రంగా ఉండాలనుకొని ఇంట్లోనే బ్లేడుతో గీసుకుని వస్తుంటారు. కంటికి కనబడని గాట్ల ద్వారా సూక్ష్మజీవులు చేరే ప్రమాదం ఉన్నందున, శస్త్రచికిత్సకు ముందు రేజరుతో గీయవద్దని, తప్పనిసరైతే క్లిప్పరుతో కత్తిరించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 మార్గదర్శకాల్లో గట్టిగా చెప్పింది. దయచేసి మీ ఇళ్లలో పెద్దవాళ్లకు కూడా ఈ మాట చెప్పండి.

జవాబు: రేకుడబ్బా

నేను విశాఖపట్నంలో పొడి చెత్తను వేరు చేసే చోట స్వచ్ఛందంగా పనిచేస్తాను కాబట్టి బ్లేడు గురించిన మీ ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. బల్ల మీదికి వచ్చే ప్లాస్టిక్ రేజర్లను ఎవరూ కొనరు. ఉక్కు, ప్లాస్టిక్, రబ్బరు అతుక్కుపోయి ఉండడం వల్ల వాటిని విడదీసే ఖర్చుకు గిట్టుబాటు కాదు. 2022 జూలై 1 నుంచి దేశంలో నిషేధించిన ఒకసారి వాడే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో స్ట్రాలు, ప్లాస్టిక్ పుల్లల ఇయర్‌బడ్లు ఉన్నాయి గానీ రేజర్లు లేవు, అందుకని వాటి రాక తగ్గలేదు.

రెండంచుల బ్లేడు ఒక మిల్లీమీటరులో పదో వంతు మందం, గ్రాము కూడా తూగని ఉక్కు రేకు. విడిగా వస్తే అది చేతులు కోస్తుంది, చిన్నదవడం వల్ల ఎక్కడో జారిపోతుంది కూడా. అదే ఇనుప డబ్బాలో మూసి వస్తే అయస్కాంతానికి అంటుకునే ఒకే ముద్ద అవుతుంది. చిక్కటి తియ్యపాల (కండెన్స్‌డ్ మిల్క్) డబ్బా ఒకటి తీసుకోండి. మూత తెరవకుండా, పైన ఉలితోనో పాత స్క్రూడ్రైవరుతోనో హుండీకి ఉన్నట్టు ఒక సన్నని చీలిక చేయండి. పాలు వంచేసి, వేడి నీళ్లతో రెండు మూడు సార్లు కడిగి, ఎండబెట్టండి. వాడిన బ్లేడును తుడిచి చీలికలో వదలండి. వారానికి ఒకటి వేసినా నిండడానికి ఏళ్లు పడుతుంది. నిండాక చీలికను సుత్తితో కొట్టి మూసి, పాత ఇనుప సామాను కొట్టులో, లోపల ఏముందో నోటితో చెప్పి మరీ ఇవ్వండి.

ఒక నిజం కూడా చెప్పాలి. చాలా బ్లేడ్ల అంచుకు టెఫ్లాన్ జాతి పూత పలచగా ఉంటుంది, కొన్ని పెట్టెలు ప్లాస్టిక్‌వే వస్తాయి. మైనపు కాగితంలో చుట్టి అట్టపెట్టెలో వచ్చేవి వెతికి కొనండి. పూర్తిగా ప్లాస్టిక్ లేదని ఎవరైనా చెబితే నమ్మకండి గానీ, నెలకు రెండు ప్లాస్టిక్ పిడులు పారేయడంతో పోలిస్తే ఇది చాలా తక్కువ. విమాన ప్రయాణంలో బ్లేడ్లను చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు కాబట్టి వాటిని చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి.

తిరుగు మాట: కుంకుడుచెట్టు

అందరికీ కృతజ్ఞతలు. మూడు ముక్కల ఇత్తడి రేజరు కొన్నాను, నేటికి ఐదు వారాలు. పిల్లకాలువ గారూ, ఆ చప్పుడు నిజంగానే వినిపిస్తుంది. రెండో వారంలో ఫ్యాను ఆపేశాక స్పష్టంగా తెలిసింది. ఎడమ పిక్క మీద పొక్కులు సగానికి తగ్గాయి, చీలమండ దగ్గర రెండుసార్లు తెగింది, పటికతో ఆగింది. ఎడమ చేత్తో కుడి చంక గీయడం మాత్రం ఇంకా రావడం లేదు, అక్కడికి మిగిలి ఉన్న పాత ప్లాస్టిక్ రేజరునే వాడుతున్నాను. అది అరిగేలోపు చేయి తిరుగుతుందని ఆశ. పాల డబ్బాను చెత్త ఆటో అక్కకు చూపించాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూసి, నిండిన రోజు పొడి చెత్తలో కలపకుండా విడిగా తన చేతికే ఇవ్వమంది.