కొల్లేట్లోకి బండ్ల రేవు పడమర గట్టుకి మార్చమంటున్నారు, మీరేమంటారు?

లంక అంచు కుర్రోడు:

అందరికీ నమస్కారం అండీ. మాది ఆకివీడు అవతల కొల్లేటి అంచున ఉన్న చిన్న ఊరు. పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పటికే ఊరు రెండు జట్లయింది, ఇక్కడ రాసింది పట్టుకుని ఇంకో గొడవ రాకూడదని. విషయం ఏంటంటే, ఏటా కార్తీకం వెళ్ళాక కొల్లేటి నీరు లాగడం మొదలవుతుంది కదా, అప్పటి నుంచి ఎండలు ముదిరేదాకా చేపల బండ్లన్నీ మా తూర్పు రేవులోంచే దిగుతాయి. దోనెలు వచ్చి ఆగే చోటిదాకా ట్రక్కు ఆటోలు, ట్రాక్టర్లు నేరుగా వెళ్ళిపోతాయి. అక్కడే కాటా, అక్కడే ఐసు, అక్కడే బేరం. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంతే.

ఇప్పుడు ఇబ్బంది ఎక్కడొచ్చిందంటే, రేవుకెళ్ళే సందులోనే బడి ఉంది. చేపలు ఎక్కించుకుని బండ్లు తిరిగొచ్చే వేళా, పిల్లలు బడికెళ్ళే వేళా ఒకటే. పోయినేడు సంక్రాంతి ముందు మా పిన్ని కొడుకు సైకిలు మీద వెళ్తుంటే వెనక్కి తీస్తున్న బండి తగిలి చెయ్యి విరిగింది. ఇదొకటి. రెండోది, రేవు పక్కనున్న తుమ్మ చెట్ల మీద నాలుగేళ్ళ నుంచి గూడబాతులు (పెలికన్లు) గూళ్ళు పెడుతున్నాయి. అవి మా ఊరు రావడం మాకు ఎంత సంతోషమో చెప్పలేను. కానీ వాటిని చూడ్డానికి పండగ రోజుల్లో కార్లు కూడా అదే సందులోకి వస్తున్నాయి.

పంచాయతీలో ఇప్పుడు ఒక మాట నడుస్తోంది, ఈ చలికాలం నుంచి బండ్లని పడమర గట్టు మీదుగా పంపుదామని. తూర్పు రేవు నుంచి అక్కడికి కిలోమీటరున్నర ఉంటుంది. వేటకెళ్ళే వాళ్ళు సగంమంది వద్దంటున్నారు. నేను మార్చాలనే వైపున్నాను, దాచుకోవడం లేదు. నాకు తెలియాల్సింది మూడు విషయాలు. అక్కడ నేల బండి బరువు ఆగుతుందా, అటవీ శాఖ దగ్గర పర్మిషన్ కావాలా, ఇలా రేవు మార్చిన ఊళ్ళు ఏమైనా ఉంటే అక్కడ ఎలా జరిగింది. తెలిసినవాళ్ళు చెప్పండి.

గంప:

తమ్ముడూ, పేరు చెప్పకపోయినా నాకు తెలిసిపోయింది, నాదీ ఆ ఊరే. వద్దంటున్న సగంమందిలో మా ఇల్లు ఉంది, అందుకని నేనే రాస్తున్నా.

మీ తమ్ముడికి చెయ్యి విరిగినప్పుడు మా అమ్మ కూడా పరిగెత్తుకొచ్చింది, గుర్తుందో లేదో. పిల్లల సంగతి మాకు పట్టదని ఎవరూ అనుకోవద్దు. కానీ పంచాయతీ అరుగు మీద కూర్చుని కిలోమీటరున్నరే కదా అనేవాళ్ళు ఆ కిలోమీటరున్నర గంప ఎత్తుకుని నడవలేదు. బండి పడమరకి పోయి దోనె తూర్పునే ఆగితే మధ్యలో మోసేది ఎవరు? ఆడవాళ్ళు. మా అమ్మకి యాభై ఐదేళ్ళు. తడి గట్టు మీద పాతిక కిలోల గంపతో రోజుకి నాలుగుసార్లు తిరగమంటే ఆ మోకాళ్ళు ఒక్క సీజనుకే పోతాయి.

ఇంకోటి. కొర్రమీను చచ్చిందంటే ధర సగానికి పడిపోతుంది, కొల్లేట్లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు ఇది. నీళ్ళ డ్రమ్ములో బతికుండగానే బండెక్కాలి. ఆ డ్రమ్ము మనిషి మోసేది కాదు. జెల్లలూ ఇంగిలాయిలూ అయినా ఎండెక్కేలోపు ఐసు పడకపోతే మెత్తబడతాయి, బేరగాడు ఒక వేలు పెట్టి నొక్కి చూసి ధర తగ్గిస్తాడు. పెద్ద పెద్ద చేపల చెరువులున్నవాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళ బండి చెరువు గట్టు మీదకే వస్తుంది. రేవు మార్పు వల్ల నష్టపోయేది మావులూ వలలూ వేసుకుని బతికే మాలాంటి వాళ్ళం మాత్రమే. మమ్మల్ని అడక్కుండా తీర్మానం రాశారనుకో, మేము మొత్తం కుటుంబాలతో వచ్చి ఆ సందులోనే కూర్చుంటాం.

డ్రెయిన్ల మనిషి:

డ్రెయినేజీ పనుల్లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను, కొల్లేటి చుట్టూ తిరగని గట్టు లేదు నాకు. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికగా చదవండి.

ముందు తేల్చుకోవాల్సింది ఆ పడమర గట్టు 5వ కాంటూరుకి లోపల ఉందా, బయట ఉందా అని. సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తు గీత అది. దాని లోపలున్న 308 చదరపు కిలోమీటర్లని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచం మొత్తమ్మీద ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో కూడా చేరింది. దాన్ని 3వ కాంటూరుకి తగ్గించమని 2008లో అసెంబ్లీ తీర్మానం చేసింది కానీ హద్దు మాత్రం 5 దగ్గరే ఉంది. సంప్రదాయంగా వేట చేసుకునేవాళ్ళని ఎవరూ కాదనరు, సొంత ఊరివాళ్ళు తిరగడానికీ అడ్డు లేదు. అడ్డు వచ్చేది నీటి నడక మార్చే పనికి. 1972 వన్యప్రాణి చట్టం 29వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి వచ్చే నీటిని గానీ, బయటికి పోయే నీటిని గానీ ఆపడం, మళ్ళించడం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి లేకుండా కుదరదు. బండి దారి కోసం రెండడుగుల మట్టి పోస్తే అది కూడా గట్టే అవుతుంది. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టించిన రోజులు చూసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజు కొందరు వాకిట్లో కూలబడి ఏడవడం నా కళ్ళతో చూశాను.

చట్టం పక్కన పెట్టినా నీళ్ళు ఊరుకోవు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఇవి కాక మన గోదావరి పశ్చిమ డెల్టా డ్రెయిన్లు, అన్నీ వచ్చి కొల్లేట్లో పడతాయి. పోవడానికి ఉన్నది ఒక్క ఉప్పుటేరు. అరవై కిలోమీటర్లు మెలికలు తిరిగి సముద్రం చేరుతుంది, పోటు సమయంలో అది కూడా వెనక్కి తంతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద దిగినప్పుడు ఏలూరు-కైకలూరు రోడ్డు మీదకి నీళ్ళెక్కింది చూశాం కదా. అలాంటి పల్లంలో ఎవరి అవసరానికి వాళ్ళు అడుగు మట్టి, రెండడుగుల మట్టి పోసుకుంటూ పోతే ఆ నీరు చివరికి మీ ఊళ్ళోకే తిరిగొస్తుంది.

కాబట్టి నా సలహా, మట్టి పోయొద్దు. ఉన్న గట్టునే వాడండి, సీజను అయ్యాక తీసేసే దారి వెయ్యండి. ఇక్కడిది నల్ల బంకమట్టి, పైన ఎండి పగుళ్ళిచ్చినా లోపల పచ్చిగానే ఉంటుంది. చూసి మోసపోవద్దు. పది పది అడుగులకి గునపం దించండి. జానెడు లోపలే చేతికి జారిపోయినట్టు దిగితే అక్కడ టైరు నిలవదు. మెత్తగా ఉన్నచోట తాటి పట్టెలు అడ్డంగా పరిచి, వాటి మీద కొబ్బరి డొక్కలు పోసి తొక్కిస్తే ట్రక్కు ఆటో తేలిగ్గా పోతుంది. లోడు ట్రాక్టరు మాత్రం సంక్రాంతి దాటేదాకా దింపొద్దు.

ఆటపాక దారి:

నేను కైకలూరు దగ్గర స్కూల్లో పాఠాలు చెబుతాను, ఆటపాక పక్షుల కేంద్రానికి ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని తీసుకెళ్తున్నాను. గూడబాతుల గురించి ఒక్క మాట.

అవి నవంబరు అటూఇటూగా గూడు కడతాయి. గుడ్డు పొదగడానికి నెల, ఆ తర్వాత పిల్ల ఎగరడానికి మూడు నెలల పైనే. అంటే మీ బండ్లు తిరిగే కాలమంతా వాటికి గుడ్లో పిల్లలో ఉన్న కాలమే. చెట్టు కింద హారన్ కొడితే, మనిషి దిగి తలుపు ధడేల్న వేస్తే తల్లి లేచిపోతుంది. అది తిరిగొచ్చేలోపు కాకి గుడ్డు పట్టుకుపోతుంది, లేదా ఎండకి ఆ చిన్న పిల్ల మాడిపోతుంది. ఒంటి మీద ఈక కూడా ఉండదు దానికి అప్పుడు. ఒకప్పుడు మీ పక్కనే ఆరేడు అనే ఊళ్ళో ఈ పక్షులు పెద్ద ఎత్తున గూళ్ళు పెట్టేవి. తర్వాత అక్కడ లేకుండా పోయాయి. ఆటపాకలో ఇనుప స్టాండ్లు పెట్టి, కాపలా పెట్టి, ఇన్నేళ్ళు కష్టపడితే మళ్ళీ ఇటు వస్తున్నాయి. ఎవరూ పిలవకుండా మీ తుమ్మ చెట్ల మీదకి వచ్చాయంటే మీ ఊరివాళ్ళు వాటిని ఏమీ చెయ్యరని నమ్మి వచ్చాయి.

ఒక మాట మాత్రం గమనించండి. దోనెలు అవే దారిన రోజూ పోతుంటే పక్షులు అంతగా బెదరవు, గెడ చప్పుడు వాటికి అలవాటే. బెదిరేది ఇంజనుకీ, కెమెరా పట్టుకుని చెట్టు కిందకి వచ్చే కొత్త మనుషులకీ. చేపల బండ్ల సంగతి తేలడానికి టైం పట్టేట్టుంటే ముందు ఆ కార్లని బడి దగ్గరే ఆపించండి. దానికి ఒక గొలుసూ ఒక మనిషీ చాలు.

దాళ్వా రైతు:

పడమర గట్టు అని అందరూ తేలిగ్గా అంటున్నారు, ఆ గట్టు పక్కన చేలున్న మమ్మల్ని ఎవరూ అడగలేదు. మాకు డిసెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా దాళ్వా (రెండో పంట వరి) నాట్లు. గట్టు కిందే మా చేలకి నీళ్ళొచ్చే బోదె. ట్రాక్టరు టైరు గట్టు అంచు కోసిందంటే వంతు వచ్చిన రోజు నీళ్ళన్నీ కొల్లేట్లో పోతాయి, మళ్ళీ వంతు వచ్చేదాకా నారు ఎండుతుంది. నేను పూర్తిగా వద్దనడం లేదు. నాట్లు పడేదాకా ట్రాక్టర్లు రాకూడదు, గట్టు కోసుకుపోతే అదే రోజు కట్టించాలి. అంతే నేను అడిగేది.

ట్రక్కు ఆటో:

రోజూ ఆ రేవుకి వచ్చే బండి నాదే. సందులో స్కూలు టైంకి రావడం నాకూ టెన్షనే, గుండె చేత్తో పట్టుకుని తోలతాను. పడమర వైపు వస్తాను, నాకేం అభ్యంతరం లేదు. కానీ అక్కడ తిప్పుకోడానికి చోటు ఉండాలి. గట్టు మీద ఎదురెదురుగా రెండు బండ్లు పడితే ఒకటి అర కిలోమీటరు రివర్స్ రావాలి, చీకట్లో, రెండు పక్కలా నీళ్ళు. ఆ పని నేను చెయ్యను.

లంక అంచు కుర్రోడు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. రెండు రోజులు రిప్లై ఇవ్వలేదు, కారణం నిన్న పొద్దున్న మా బాబాయి, నేను గునపం పట్టుకుని పడమర గట్టు చివరిదాకా వెళ్ళాం. డ్రెయిన్లాయన చెప్పినట్టే ఉంది. చాలా దూరం గట్టిగానే ఉంది, చివర రెండు వందల అడుగులు మాత్రం గునపం దానంతటదే దిగిపోతోంది. తిప్పుకునే చోటు కూడా చూశాం. పాత పంపుసెట్టు దిమ్మ దగ్గర ఉంది, అది చేల వైపు కాదు, పంచాయతీ స్థలమే.

గంప అక్కా, నీకు ఒకటి చెప్పాలి. నువ్వు రాసింది చదివాక నేను ఇంతకాలం బండి గురించే ఆలోచించానని అర్థమైంది. దోనె ఎక్కడ ఆగుతుందన్నది నా బుర్రకి తట్టనే లేదు. మీ ఇంట్లోవాళ్ళు వద్దన్నప్పుడు మొండితనం అనుకున్నాను, అది నా తప్పు. బండ్ల రేవు కదిలితే దోనెల రేవు కూడా దాంతో పాటే కదలాలి. దోనె నేరుగా పడమర వైపే వచ్చి ఆగితే మోత ఉండదు కదా? అక్కడ గుర్రపుడెక్కా కిక్కిసా దట్టంగా ఉండి దోనె దూరడం లేదు, అది కోసి దారి తీయాలి. ఉపాధి పనుల్లో ఆ పని పెట్టొచ్చా అని రేపు అడుగుతాను. కోసింది గట్టు మీదకి లాగి ఆరబెడతాం, నీళ్ళలో వదిలితే మళ్ళీ అల్లుకుంటుంది. దోనె దారి అయ్యేదాకా బండ్లు తూర్పునే ఉంటాయి, కాకపోతే బడి గంటకి ముందే సందు దాటెయ్యాలి. కార్లని ఆపే గొలుసు మాత్రం ఈ ఆదివారమే కట్టేస్తాం, మా కుర్రాళ్ళు కాపలా ఉంటామన్నారు.

గంప:

తమ్ముడూ, ఇది మా నాన్నకి చదివి వినిపించాను. దోనె దారి పడితే మాకు ఇబ్బంది లేదన్నాడు. కాకపోతే గుర్రపుడెక్క కోస్తే సరిపోదంట, మాఘం వచ్చేసరికి అక్కడ మోకాలి లోతు కూడా ఉండదు, దోనె ఖాళీగా వస్తుంది గానీ లోడుతో కూరుకుపోతుంది అంటున్నాడు. లోపల పాత కాలువ పల్లం ఒకటి ఉందట, ఆయన చిన్నప్పుడు జాతరకి కొల్లేటికోట వెళ్ళే పడవలు అటే పోయేవట, దాని వెంబడి కోసుకొస్తే నీరు ఆగుతుందంటున్నాడు. తవ్వడం ఏమీ లేదు, ఉన్న పల్లమే.

ఇంకోటి, గ్రామసభలో తీర్మానం రాసేటప్పుడు "దోనె దారి పూర్తయిన తర్వాతే" అన్న మాట కాగితం మీద ఉండాలి. నోటిమాట మీద మేము ఒప్పుకోం. సంతకాలకి మా అమ్మావాళ్ళు కూడా వస్తారు, మగవాళ్ళ చేత పెట్టించుకుని వెళ్ళిపోకండి.

శనివారం తెల్లారుజామున నాన్న దోనె తీస్తానన్నాడు. నువ్వూ మీ బాబాయీ రండి, గెడ వేసుకుంటూ లోతు చూసొద్దాం. చెట్ల వైపు నుంచి కాదు, చుట్టూ తిరిగి వెళ్దాం.