అప్‌డేట్: సివిలైజేషన్ 6 గేమ్‌లో నా జనం మళ్లీ కుదుటపడ్డారు

యుద్ధం గెలుస్తున్నా నా నగరాల్లో ఎమెనిటీస్ (జనాన్ని సంతోషంగా ఉంచే సౌకర్యాలు) ఎందుకు పడిపోతున్నాయని అడిగాను కదా. మీరన్నట్టే కారణం వార్ వెరీనెస్, యుద్ధంతో జనంలో పేరుకునే విసుగు. మనం గెలుస్తున్నామా లేదా అన్నది అది చూడదు. ప్రతి పోరుకీ విసుగు పాయింట్లు పెరుగుతాయి. శత్రువు నేల మీద కొట్లాడితే ఇంకా ఎక్కువ, మన యూనిట్ (సైనిక దళం) చనిపోతే మరింత. 400 పాయింట్లకు ఒక ఎమెనిటీ పోతుంది.

అందుకే ముట్టడి ఆపేసి, సైన్యాన్ని మా సరిహద్దు లోపలికి లాగి, వాళ్లను మీదికి రానిచ్చి కొట్టాను. సంధి కుదిరాక విసుగు చాలా త్వరగా దిగింది. సంధిలో తీసుకున్న సిల్క్, అంటే పట్టు (ఇది ఎమెనిటీ ఇచ్చే లగ్జరీ వస్తువు, ఒక్కో లగ్జరీ నాలుగు నగరాలకు అందుతుంది) బాగా కలిసొచ్చింది. తిరుగుబాటు టెన్షన్ పోయింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థాంక్స్.