సమస్యాపూరణం: “పీపఁ ద్రాగి బీరు పెద్దదయ్యె”

నిర్వాహకుడు:
నిన్న ఒక ఇంపీరియల్ స్టౌట్ (ఘాటైన నల్ల బీరు) సీసా తెరిచాను. బోర్బన్ (అమెరికా విస్కీ) పీపాలో ఊరినది, గింజలతో సహా చెర్రీలు వేసినది, ఆల్కహాలు 12 శాతం. ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోస్తే మాడిన బార్లీ చేదు, సారా ఘాటు తప్ప ఇంకేమీ తెలియలేదు. గ్లాసును అరచేతుల్లో పట్టుకుని అరగంట కూర్చున్నాక చెర్రీ పైకొచ్చింది. దాని వెనకే కొబ్బరి, వెనిల్లా. మూడో గుటకకు ఈ పాదం తట్టింది. పూరణలో పండు కూడా ఉంటే సంతోషం.

పీపఁ ద్రాగి బీరు పెద్దదయ్యె

యతిపతి:
విస్కి విడిచి పోయె వేఱొక చోటికి
నల్ల బీరు వచ్చి నాటి నుండి
కాల్చినట్టి చెక్క గదిలోన నిదురించి
పీపఁ ద్రాగి బీరు పెద్దదయ్యె

గురులఘువు:
బాగుంది, కానీ ఆ “నాటి నుండి” ఏం పని చేస్తోంది? యతి కోసం తెచ్చి కూర్చోబెట్టిన చుట్టం. పైగా పండు ఏది? నిర్వాహకులు అడిగింది అదొక్కటే.

నిర్వాహకుడు:
పండు లేదు, నిజమే. అయినా “కాల్చినట్టి చెక్క గది” నాకు నచ్చింది. బోర్బన్‌ను లోపల కాల్చిన కొత్త ఓకు పీపాలోనే పోయాలని అమెరికా చట్టం. అందుకే ఒకసారి వాడిన పీపా బోర్బన్‌కు మళ్లీ పనికిరాదు, బీరు కాచేవాళ్లకు చేరుతుంది. విస్కీ ఖాళీ చేసిన గదిలో బీరు అద్దెకు దిగడం సరిగ్గా అదే.

గురులఘువు:
యతిపతి గారికి చట్టం తెలిసిందంటే సంతోషం. కిందటిసారి భూగోళం తెలియలేదు. “రష్యలోనఁ బుట్టి రాజసమ్మునఁ బొంగి” అని రాశారు, గుర్తుందా? గణాలు శుద్ధంగా ఉన్నాయి, ఊరే తప్పు. 18వ శతాబ్దంలో ఇంపీరియల్ స్టౌట్‌ను లండన్‌లో కాచి రష్యా రాజాస్థానానికి ఓడల్లో పంపారు. ఉల్టా పంపింది మీరొక్కరే.

యతిపతి:
“రాజస” పదానికి యతి కావలసి రష్యాకు వెళ్లాను. ఆ చర్చ పాతబడింది, వదిలేద్దురూ.

కందగడ్డ:
మీ ఇద్దరూ కొట్టుకుంటూ ఉండండి. ఇదిగో పండు.

చెర్రి పులుపు వచ్చి చేదును ముద్దాడ
ఓకు తీపి దాని నొరసి నిలువ
మూఁడు రుచుల పొత్తు ముదిరిన వేళలో
పీపఁ ద్రాగి బీరు పెద్దదయ్యె

నిర్వాహకుడు:
చెర్రి “తీపి” అనకుండా “పులుపు” అన్నారు చూడండి, అక్కడ తాగినవారి చెయ్యి కనిపించింది. పండులోని చక్కెరను ఈస్టు తినేస్తుంది. నాలుకకు మిగిలేది పులుపూ, కాస్త వగరూ.

గురులఘువు:
పద్యం నడుమ అచ్చు వేశారు, విసంధి, అంటే సంధి తప్పింది. “ముద్దాడ / నోకు తీపి” అంటే పోతుంది, యతి కూడా చెడదు. ఇంకోటి, చెక్కకు తీపి ఎక్కడిది? ఓకులోంచి వచ్చేది వెనిల్లా వాసన. దాన్ని నాలుక తీపి అనుకుంటుంది.

కందగడ్డ:
నాలుక అనుకుంటే చాలదా? నేను రాసింది పద్యమండీ, ల్యాబ్ రిపోర్టు కాదు. “నోకు” మాత్రం తీసుకుంటున్నాను, ధన్యవాదాలు.

కొత్తచిగురు:
మొదటిసారి రాస్తున్నాను, టెన్షన్‌గా ఉంది. రెండు పాదాలే కుదిరాయి.

రాస్పుబెర్రీ తోడ రంజిల్లె నాలుక
వగరు తగ్గి తీపి వచ్చె వెనుక

కందగడ్డ:
“బెర్రీ”లో రెండూ గురువులే. “బెర్రి” చేయండి, చాలు. నా చెర్రీ కూడా అలాగే పొట్టిదైంది. మిగతా పాదం రాసి పెట్టండి, ఎదురుచూస్తాం.

గురులఘువు:
అందరూ బీరు పీపాను తాగడమే చెప్పారు. అంతకుముందు పీపా ఏం చేసిందో ఎవరూ అడగలేదు.

చుక్క చుక్కగాను చెక్క తా బీరునుఁ
ద్రాగె, గాలికిచ్చె దాని లోనఁ
బాలు కొంత, యంతఁ బగఁబట్టి కసిదీర
పీపఁ ద్రాగి బీరు పెద్దదయ్యె

కొత్తచిగురు:
“చు”కు “చె”తో యతి కుదురుతుందా అండీ? ఇంకా, ఈ “బాలు” ఎవరు?

కందగడ్డ:
చుక్క, చెక్క: అది ప్రాసయతి, మొదటి అక్షరాలు కాక వాటి వెనక “క్క” కలిసింది. బాలు అంటే పాలు, వాటా. నేనైతే మొదట మిల్క్ స్టౌట్ అనుకున్నాను!

నిర్వాహకుడు:
భలే. పీపాలోంచి ఆవిరైపోయే భాగాన్ని విస్కీవాళ్లు దేవదూతల వాటా అంటారు. ఇక్కడ దేవదూతలను దించేసి గాలికే ఇచ్చారు. పగ అన్న మాట కూడా అతికింది. చెక్క పీల్చి దాచుకున్న విస్కీని బీరు మళ్లీ లాక్కుంటుంది, ఘాటు పెరిగేది అందుకే. సమస్యలోని “పెద్దదయ్యె” నాకే ఇప్పుడు అర్థమైంది.

యతిపతి:
మెచ్చుకోళ్లు అయ్యాయా? “గాలికిచ్చె” ఏమిటండీ? “కి” ద్రుతాంతం కదా, వెనక అచ్చు వస్తే నడుమ నకారం రావాలి. “గాలికి నిచ్చె” కావాలి, అలా అంటే గణం పోతుంది. మాకు విసంధి పాఠం చెప్పి పది నిమిషాలు కాలేదు.

యతిపతి:
(గంట దాటింది. జవాబు లేదు. సరే, నేనే సవరిస్తున్నాను: “త్రాగె, గాలి పీల్చె”.)

గురులఘువు:
ఒప్పుకున్నాను. టైపు చేసేటప్పుడు గ్లాసు పక్కనే ఉంది. “పీల్చె” నా మాటకంటే బాగుంది, ఆ సంగతి ఒక్కసారే చెబుతాను.

యతిపతి:
స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

నిర్వాహకుడు:
సవరించి పైన పెట్టాను, సవరణ యతిపతి గారిదని కింద వేశాను. సీసాలో మిగిలినది ఇవాళ తాగితే నురుగు చచ్చిపోయింది కానీ అడుగున బాదం వాసన తేలింది. చెర్రీ గింజల నుంచి వచ్చేది అదే. పద్యంలో దాన్నెవరూ పట్టుకోలేదు.

యతిపతి:
బాదానికి యతి కుదిరే ఊరేదో గురులఘువు గారే చెప్పాలి.