ట్రాక్టరు కొనేటప్పుడు సేల్స్‌మన్ మాట వినాలా, వద్దా?

నల్లరేగడి:
పోయిన ఖరీఫ్‌కు ముందు ట్రాక్టరు కొన్నాను. నాకు ఎనిమిది ఎకరాలు, అందులో మూడెకరాలు వరి. షోరూములో మజ్జిగ చేతికిచ్చిన కుర్రవాడు పొలం ఎక్కడ, ఏం పండిస్తారు అని ఒక్క మాట అడగలేదు. "మీలాంటి వారికి యాభై హెచ్‌పీకి తక్కువ బండి ఏం బాగుంటుంది సార్" అన్నాడు. ఆ "మీలాంటి వారు" దగ్గరే పడిపోయాను. తొలి దమ్ముకే బండి ఇరుసు దాకా దిగబడింది. పక్క చేను ఆయన తన బండికి గొలుసు కట్టి లాగేసరికి పొద్దు గుంకింది. బండితోపాటే ఇస్తామన్న, పనిముట్లు తగిలించే టాప్ లింకు, డ్రాబార్, పైన వేసే టాపు డెలివరీ నాడు వేరే బిల్లుగా వచ్చాయి. నేను చెప్పేది ఒకటే: అమ్మేవాడిని ధర తప్ప ఇంకేమీ అడగకూడదు.

కాలువకింద రైతు:
అన్నా, మీ కోపం సబబే, తీర్పు మాత్రం ఒప్పుకోను. మా ఊరికి వచ్చినతను చెప్పులు విడిచి మడిలోకి దిగాడు. మడమతో నొక్కి చూసి, "అడుగు మెత్తగా ఉంది, బరువు బండి వద్దండి" అన్నాడు. మట్టిని గుల్ల చేసే రోటావేటర్ ఆరడుగులది కావాలని నేను పట్టుబడితే, "అది అమ్మితే నాకు నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి, మీ నలభై హెచ్‌పీ బండి మాత్రం మూలుగుతుంది" అని ఐదడుగులది ఇప్పించాడు. నాలుగేళ్లయింది, ఇంతవరకు క్లచ్ మార్చలేదు. ధర ఒక్కటే అడిగి ఉంటే చేజేతులా తప్పు సామాను కొనేవాడిని.

పాత స్పానరు:
ఇద్దరూ మనిషి గురించి మాట్లాడుతున్నారు, బండి గురించి కాదు. ప్రకటనల్లో కనిపించే హెచ్‌పీ ఇంజనుది. రోటావేటర్‌ను తిప్పేది పీటీవో, అంటే బండి వెనుక పనిముట్లకు బలం అందించే తిరిగే కడ్డీ. దారిలో గేర్లు తినేసేది పోను అక్కడికి చేరే బలం ఎప్పుడూ తక్కువే. సేల్స్‌మన్ మొదటి అంకె గడగడా చెబుతాడు, రెండోది అడిగితే బ్రోచరు తిరగేస్తాడు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి నివేదికలు ఇస్తుంది. పీటీవో బలం, డీజిలు ఖర్చు, హైడ్రాలిక్ ఎత్తే బరువు అందులో ఉంటాయి. ఆ నివేదిక చూపించమనండి. (వ్యవసాయ యంత్రాల శిక్షణకు, పరీక్షలకు మన అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ కేంద్ర సంస్థ ఉంది. అటు వెళ్తే చూసి రండి.)

నల్లరేగడి:
బాబాయ్, అడగాలని తెలిస్తే అడిగేవాడినే. తెలియని వాడికి చెప్పడమే కదా అతని ఉద్యోగం?

మాజీ సేల్స్‌మన్:
ఏడేళ్లు ఆ ఉద్యోగమే చేశాను కాబట్టి చెబుతున్నాను. యార్డులో ఆరు నెలలుగా ఎండుతున్న బండిని వదిలించుకుంటే మాకు ప్రత్యేక ఇన్సెంటివ్ ఉండేది. ఆ నెలలో ఎవరు వచ్చినా వారి పొలానికి సరిపోయేది ఆ బండే! 2025 సెప్టెంబరు 22న ట్రాక్టర్లపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా, దాన్నే "దసరాకు మా తరఫున తగ్గింపు" అని అమ్మినవారినీ చూశాను.

మీ ఇద్దరికీ దొరికింది వేర్వేరు మనుషులని అనుకోకండి. ఊళ్లు తిరిగేవాడు మళ్లీ అదే రచ్చబండ ముందు బండి ఆపాలి. మొదటి ట్రాక్టరు దిగబడితే ఆ ఊళ్లో రెండోది అమ్ముడుపోదు. షోరూములో కూర్చున్నవాడికి ఆ బెంగ లేదు. ఊళ్లు తిరిగినప్పుడు నేనూ మంచివాడినే, షోరూముకు మార్చాక నేనూ మజ్జిగ ఇచ్చాను.

కాలువకింద రైతు:
ఇది ఒప్పుకుంటాను. అన్నా, ఇస్తామన్న సామాను కొటేషన్‌లో ఉందా? ఉంటే ముందు 1915కు, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోను చేయండి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, 50 లక్షల వరకు అక్కడే వింటారు. బండిని కిరాయికి తిప్పుతుంటే మాత్రం వ్యాపారానికి కొన్నారని వాదిస్తారు. జీవనోపాధికే కొన్నానని మీరు చూపించుకోవాలి.

నల్లరేగడి:
ఇప్పుడే బీరువాలోంచి కొటేషన్ తీశాను. వెనుకవైపు పెన్నుతో "టాప్ లింకు, డ్రాబార్ ఫ్రీ" అని అతని చేతిరాతే ఉంది. టాపు మాట లేదు. సంతకమూ లేదు. కిరాయికి ఇంతవరకు తిప్పలేదు, ఆ బరువుకు ఎవరూ పిలవడం లేదు. రేపు పొద్దున ఫోను చేసి ఏమన్నారో ఇక్కడే రాస్తాను.